పశువు బతికితే నష్టం తప్పినట్టేనా? అంటువ్యాధులపై అపోహలు - వాస్తవాలు

మందకు అంటువ్యాధి వచ్చి పోయాక అందరూ అడిగేది ఎన్ని చచ్చాయని. పశువైద్యుడిగా నాకు ఎక్కువ దిగులు బతికిన వాటి గురించే.

అపోహ: పశువులు చావలేదు కాబట్టి నష్టం లేదు.

వాస్తవం: నోట్లో, గిట్టల దగ్గర పుండ్లు తెచ్చే వైరస్ రోగం గాలికుంటు వ్యాధి. ఇందులో పెద్ద పశువులు చావడం తక్కువే. దూడల సంగతి వేరు. వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీస్తే నిన్న గెంతిన దూడ ఇవాళ ఉన్నట్టుండి కూలిపోతుంది, నోట్లో ఒక్క పుండైనా కనిపించకుండానే. ఇక పాడి ఆవుకు నాలుక మీద బొబ్బలు చిట్లి పైపొర ఊడిపోతుంది. చొంగ కారుస్తూ మేత ముందు నిలబడుతుంది గానీ తినలేదు. చన్ల మీద పుండ్లుంటే పాలు పితకనివ్వదు. పాలు నిలిచిపోయి పొదుగువాపు మొదలవుతుంది. పుండ్లు రెండు మూడు వారాల్లో మానినా, ఆ ఈతలో పాలు మునుపటంత రాకపోవచ్చు. కొన్ని ఈసుకుపోతాయి (కడుపు పోతుంది), కొన్ని సకాలంలో ఎదకు రావు, కొన్ని ఎండకు తట్టుకోలేక నెలల తరబడి రొప్పుతూనే ఉంటాయి. చావుల లెక్కలో ఇవేవీ ఉండవు. రైతును అప్పుల్లోకి దించేవి ఎక్కువగా ఇవే.

అపోహ: టీకా వేయించాకే రోగం వచ్చింది, కాబట్టి టీకా వల్లే.

వాస్తవం: గాలికుంటు టీకాలో ఉండేది చంపిన వైరస్. అది రోగం తేలేదు. రోగం సోకాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. పక్క మందలో రోగం కనిపించాక హడావిడిగా టీకా వేయిస్తే, అప్పటికే సోకిన పశువులో అది ఎలాగూ బయటపడుతుంది. పైగా ఈ వైరస్‌లో 7 రకాలున్నాయి, ఒకదానికి వచ్చిన రక్షణ మరోదానికి పనికిరాదు. రక్షణ కొన్ని నెలలే ఉంటుంది కాబట్టి టీకా మళ్లీ మళ్లీ వేయించాల్సిందే.

అపోహ: గట్టి యాంటీబయాటిక్ ఇస్తే తగ్గిపోతుంది.

వాస్తవం: వైరస్ మీద అది పనిచేయదు. పుండ్లలో చీము పడితే డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలి.

అపోహ: విషయం బయటికి పొక్కితే అమ్మకాలు ఆగిపోతాయి, గుట్టుగా ఉంచడమే మేలు.

వాస్తవం: రైతు టెన్షన్ నాకు అర్థమవుతుంది. పాలు అమ్ముకోలేక, పరిహారం సమయానికి అందక నలిగిపోయేది ఆయనే. కానీ దాచిన ప్రతి రోజూ రోగం చెప్పులకు, చేతులకు, బండి చక్రాలకు అంటుకుని మరో కొట్టానికి చేరుతుంది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటును గుర్తించేలోపే రోగం సోకిన గొర్రెలు సంతల ద్వారా చాలాచోట్లకు వెళ్లిపోయాయి. చివరికి 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. వాటిలో ఆరోగ్యంగా ఉన్నవీ చాలానే. ముందే చెప్పిన రైతుకు పరిహారం వెంటనే చేతికందేలా చూడటం ప్రభుత్వాల పని. అది జరగనిచోట రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అపోహ: ఎందుకు చచ్చిందో కోసి చూస్తే తెలుస్తుంది.

వాస్తవం: బ్యాక్టీరియా వల్ల వచ్చే దొమ్మ రోగమైతే (ఆంత్రాక్స్) ఆ కోతే పెద్ద ప్రమాదం. గాలి తగలగానే ఆ బ్యాక్టీరియా గట్టి బీజాలుగా మారి మట్టిలో దశాబ్దాల పాటు ఉండిపోతుంది, మనుషులకూ సోకుతుంది. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే కోయవద్దు, తోలు తీయవద్దు. కుక్కలు దగ్గరికి రాకుండా చూసి డాక్టర్‌కు కబురు చేయండి. చిన్న రక్తపు చుక్కతో పరీక్ష చేసే వీలుంది.