పాతిక బైట్లలో ఒక వాయిద్యం

1980లలో జపాన్ ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు వేరు, మిగతా ప్రపంచం వాడినవి వేరు. ఎన్ఈసీ వాళ్ల పీసీ-8801, పీసీ-9801, ఫుజిట్సు ఎఫ్ఎం-7, షార్ప్ ఎక్స్68000 లాంటివి దాదాపు అక్కడే పుట్టి అక్కడే అమ్ముడుపోయాయి. దీనికి పెద్ద కారణం లిపి. కాంజీ అంటే జపనీస్‌లో వాడే చైనా మూలపు అక్షరాలు; అలాంటి ఒక అక్షరం పోల్చుకునేలా కనబడాలంటే 16×16 చుక్కలైనా కావాలి, పైగా అలాంటి అక్షరాలు వేలల్లో ఉన్నాయి. పీసీ-9801 తెర 640×400 చుక్కలు, అంటే వరుసకి 40 కాంజీల చొప్పున 25 వరుసలు. తెర బాగానే ఉంది కానీ, బొమ్మల్ని చకచకా పరిగెత్తించే హార్డ్‌వేర్ మాత్రం అందులో లేదు. అందుకే కథ చదువుకుంటూ ఆడే ఆటలు, రోల్ ప్లేయింగ్ ఆటలు అక్కడ బాగా పెరిగాయి. కదలని బొమ్మ ముందు మనిషిని గంటలకొద్దీ కూర్చోబెట్టాలంటే కనీసం పాటైనా బాగుండాలి కదా, ఆ ఆటల సంగీతం అంత గొప్పగా రావడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

ఇక్కడే అసలు చిక్కు. సీడీ నాణ్యతతో ఒక్క సెకను స్టీరియో సంగీతానికి 1,76,400 బైట్లు కావాలి. పీసీ-8801 ప్రధాన మెమరీ మొత్తం 64 కిలోబైట్లు. రికార్డు చేసి వినిపించే మాటే లేదు, శబ్దాన్ని అప్పటికప్పుడు లెక్క కట్టి పుట్టించాల్సిందే. మొదట్లో అయితే ఆ మెషీన్‌కి బీప్ తప్ప ఇంకేం రాదు. 1985లో వచ్చిన మార్క్ 2 ఎస్ఆర్ మోడల్‌లో యమహా వైఎం2203 చిప్ పెట్టాక కథ మారింది.

ఆ చిప్ చేసే పని ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) సింథసిస్, అంటే తరంగాన్ని ఊపి నాదం పుట్టించడం. వీణ మీద తీగని లాగి వదులుతూ స్వరాన్ని ఊపితే గమకం వినిపిస్తుంది, సెకనుకి ఐదారు ఊపులైతే ఆ కదలిక చెవికి తెలుస్తుంది. అదే ఊపుని సెకనుకి వందల సార్లకి పెంచితే? చెవికి ఇక ఊపు తెలియదు, స్వరం రంగే మారిపోతుంది, కొత్త వాయిద్యం పుట్టినట్టు ఉంటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు 1967లో కంప్యూటర్ మీద ప్రయోగాలు చేస్తూ దీన్ని పట్టుకున్నాడు. అమెరికా ఆర్గాన్ కంపెనీలు పట్టించుకోలేదు, యమహా లైసెన్స్ తీసుకుంది.

చిప్ లోపల ఒక సైన్ తరంగం ఇంకో సైన్ తరంగాన్ని ఊపుతుంది. రెండింటి వేగాలు 1కి 1, 1కి 2 లాంటి నిష్పత్తిలో ఉంటే బాకా, బేస్ గిటార్ లాంటి నాదాలు వస్తాయి. 1కి 3.5 అయితే గంట గుర్తొస్తుంది. ఊపే తరంగం బలాన్ని మెల్లగా తగ్గిస్తే దెబ్బ పడగానే ఖంగుమని, తర్వాత మెత్తబడుతూ పోతుంది, నిజం గంట కూడా అంతే. వైఎం2203లో ఇలాంటి తరంగాలు నాలుగు కలిస్తే ఒక గొంతు, ఎవరు ఎవర్ని ఊపాలో అమర్చడానికి 8 పద్ధతులు. ఈ మొత్తం వివరం ఒక వాయిద్యానికి పాతిక బైట్లలో సరిపోతుంది! ఈ వాక్యం అంతకంటే ఎక్కువ చోటు తింటుంది.

కాకపోతే అలాంటి గొంతులు మూడే. వాటికి తోడు పాతకాలపు చదరపు తరంగాల గొంతులు మరో మూడు. మొత్తం ఆరు, ఇక సర్దుకోవాల్సిందే. ఎఫ్ఎంలో ఒకటి బేస్‌కి, ఒకటి రాగానికి, మిగిలింది తోడుకి ఇస్తే డ్రమ్స్‌కి ఏముంటుంది? చదరపు గొంతుల పక్కనున్న నాయిస్‌ని, అంటే బుస్సుమనే శబ్దాన్ని, చిన్న చిన్న ముక్కలుగా కొట్టి తాళం తెప్పించేవాళ్లు. ఖాళీగా ఉన్న గొంతులో అదే రాగాన్ని కాస్త ఆలస్యంగా, తక్కువ శబ్దంతో మళ్లీ వాయిస్తే ఎకో వచ్చినట్టు అనిపిస్తుంది. ఇదొక్కటి తెలిశాక ఆ పాటలు వినే తీరే మారిపోతుంది.

పాట రాయడం కూడా టైపింగే. ఎంఎంఎల్ (మ్యూజిక్ మాక్రో లాంగ్వేజ్) అనే పద్ధతిలో స్వరాలు ఇంగ్లిష్ అక్షరాలు, ఓ4 అంటే నాలుగో ఆక్టేవ్, ఎల్8 అంటే ఎనిమిదో వంతు నిడివి. యూజో కోషిరో అనే సంగీత దర్శకుడు కుర్రాడిగా ఉన్నప్పుడే పీసీ-8801 మీద ఇలా రాస్తూ 1987లో 'ఈస్' అనే ఆట సంగీతంతో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత సెగా మెగా డ్రైవ్ అనే గేమ్ కన్సోల్ కోసం 'స్ట్రీట్స్ ఆఫ్ రేజ్' ఆట పాటలు కూడా ఆ పాత మెషీన్ మీదే, తాను తయారు చేసుకున్న భాషలోనే కట్టాడు. రెండింటి చిప్‌లూ ఒకే యమహా కుటుంబానివి కాబట్టి అది కుదిరింది.

1987లోనే వచ్చిన ఎక్స్68000 సంగతి వేరు. ధర 3,69,000 యెన్‌లు, 10 మెగాహెర్ట్జ్ 68000 ప్రాసెసర్, స్టీరియోలో ఎనిమిది ఎఫ్ఎం గొంతులున్న వైఎం2151, దానికి తోడు రికార్డు చేసిన డ్రమ్స్ వాయించే ఏడీపీసీఎం చిప్. ఆర్కేడ్ మెషీన్లలో, అంటే నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టెల్లో, వాడే చిప్ ఇంట్లోకి వచ్చేసింది. పీసీ-9801 మోడళ్లు చాలావాటిలో సౌండ్ బోర్డు విడిగా కొననివాళ్లకి మాత్రం బీపులే గతి.

మన దగ్గర 90లలో సౌండ్ బ్లాస్టర్ కార్డుతో డాస్ ఆటలు ఆడినవాళ్లకి ఈ నాదం కొత్తేమీ కాదు. ఆ తొలి కార్డుల్లోని వైఎం3812 కూడా యమహాదే, గొంతుకి నాలుగు బదులు రెండే తరంగాలు, అందుకే కాస్త పీలగా ఉంటుంది. తేడా తెలియాలంటే 'ఈస్' పీసీ-8801 వెర్షన్ పాటల్ని హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని, ముందు బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి, తర్వాత మిగతా గొంతుల కోసం వెతకండి.