గుంటూరు మిద్దెతోటల్లో కాపు ఎందుకు నిలవదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"మా చేతికి మొక్క నిలవదండీ" అనే మాట, గుంటూరులో మిద్దెతోట చూడడానికి నేను వెళ్లిన దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. చేతి గుణం వల్ల మొక్క ఎండిపోవడం నేను ఇంతవరకు చూడలేదు. నేను చూసినవి అదును తప్పి వేసిన విత్తనాలు, గాలాడక కుళ్లిన వేళ్లు, తెగులేమిటో పోల్చుకోకుండా కొట్టిన మందులు మాత్రమే.

అపోహ: ఎరువు, నీళ్లు సరిగా అందిస్తే టమాటా ఏడాది పొడవునా కాస్తుంది.

వాస్తవం: పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, రాత్రి ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటిన రోజుల్లో టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది కాబట్టి, మొక్క ఎంత ఏపుగా ఉన్నా పూత పిందె కట్టకుండానే రాలిపోతుంది. మన ఊళ్లో మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడిని వదులుతూనే ఉంటుంది. సగం నీడనిచ్చే పచ్చని వల కడితే ఆకులు మాడకుండా ఉంటాయి గాని, రాత్రి వేడి తగ్గదు. అందుచేత రాలిన పూతను చూసి ఇంకాస్త ఎరువు వేయడం వృథా. ఆగస్టు చివర నారు పోసి, దాదాపు 25 రోజుల నారును సెప్టెంబరు చివర నాటుకుంటే, పూత చల్లని రోజుల్లో వచ్చి డిసెంబరు నుంచి కాయలు అందుతాయి. వేసవికి బెండ, గోరుచిక్కుడు, తోటకూర ఉండనే ఉన్నాయి.

పాదు చిక్కుడు విషయంలో పొరపాటు మరో రకంగా జరుగుతుంది. ఆషాఢంలో పెట్టిన గింజ భాద్రపదానికి పందిరంతా అల్లుకుని ఒక్క పువ్వూ పూయకపోతే, తీగ గొడ్డుబోయిందని పీకేస్తారు. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకు వస్తుంది. చలి మొదలయ్యే దాకా ఆగిన వారికి సంక్రాంతి దాటినా కాయలు తెగవు.

అపోహ: మిరపాకు ముడుచుకుంటే వైరస్ సోకినట్టే, మొక్కను పీకేయాలి.

వాస్తవం: లాం వ్యవసాయ పరిశోధన స్థానం ఊరి పక్కనే ఉన్న గుంటూరులో కూడా ఈ అపోహ బలంగా నిలిచిపోయింది. 2021-22లో నల్ల తామర పురుగులు మిరప చేలను ఊడ్చేసినప్పటి నుంచి, ఆకు కాస్త ముడిస్తే చాలు, అందరికీ గుండె జారిపోతోంది. ఆకు అంచులు పైకి ముడిస్తే అది పై ముడత, దానికి కారణం తామర పురుగులు. అంచులు కిందికి ముడుచుకుని ఆకు తిరగేసిన పడవలా కనిపిస్తే అది కింది ముడత, దానికి కారణం నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, ఆకు రసం పీల్చే అతి చిన్న జీవి). వైరస్ సోకిన మొక్కలో ఆకులు చిన్నవై, మందమై, ఈనెల మధ్య పసుపు తిరిగి, ఎదుగుదలే ఆగిపోతుంది. దానికి మందు లేదు కనుక ఆ మొక్కను మాత్రం తీసేయాలి.

కిందటి కార్తీకంలో బ్రాడీపేటలో ఒకావిడ పది మిరప కుండీలను ఖాళీ చేయబోతూ నన్ను పిలిచారు. లేత ఆకు కాడలు సాగి ఉన్నాయి, అంచులన్నీ కిందికే వంగి ఉన్నాయి. ఆకు తిప్పి భూతద్దంలో చూపిస్తే, ఈనె పక్కన మెల్లగా కదిలే చుక్కలను ఆవిడే గుర్తుపట్టారు. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, వారం తేడాతో రెండుసార్లు సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టించాను. మూడో వారానికి కొత్త చిగురు తిన్నగా వచ్చింది. ఇదే గంధకాన్ని మండుటెండలో కొడితే ఆకులు మాడిపోతాయి. పై ముడతకైతే, తొలి దశలోనే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు నీటితో కలిపి కొట్టడం, నీలి రంగు జిగురు అట్టలు కట్టడం మేలు.

అపోహ: టమాటా కాయ అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు వేయాలి.

వాస్తవం: కాయకు కాల్షియం అందకపోవడమే దీనికి కారణమన్నది నిజం. అయితే చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తడం వల్ల అది కాయ దాకా చేరదు. పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయడం, మట్టిపై ఎండుటాకులు కప్పడం దీనికి అసలైన వైద్యం.

అపోహ: నల్లరేగడి బలమైన నేల కాబట్టి కుండీకీ అదే మంచిది.

వాస్తవం: చేలో బలమైనదే. కుండీలో మాత్రం అది తడిస్తే జిగురై గాలాడనివ్వదు, ఆరితే పగిలి వేళ్లను తెంపుతుంది. మట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపితే వేళ్లకు గాలాడుతుంది, స్లాబు మీద బరువూ తగ్గుతుంది.

సొర, బీర తీగలకు మొదట మగపూలే రావడం సహజం, కంగారు పడనక్కర్లేదు. పిందెతో కూడిన ఆడపూలు తర్వాత వస్తాయి. ఈ రెండింటి పూలూ సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్దే పని పొద్దువాలాకే చేయాలి.

పండ్ల మొక్కలు మేడ మీద కాయవన్నదీ అపోహే. అడుగున చిల్లులు పెట్టిన రెండడుగుల డ్రమ్ములో జామ అంటు చక్కగా కాస్తుంది. గింజ మొక్క కాపుకు ఏళ్లు పడుతుంది, తల్లి గుణం వస్తుందన్న నమ్మకమూ లేదు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో ఎత్తుగా ఉన్నదాన్ని గాక, అంటు అతుకు స్పష్టంగా కనిపించేదాన్ని ఏరుకోవాలి. జామ పూత కొత్త చిగురు మీదే వస్తుంది కనుక, కాయలు కోసిన తర్వాత కొమ్మ చివరలను జానెడు మేర కత్తిరించాలి.