పాత కార్డు మీద ‘ఒక డబ్బా’ అంటే ఎంత?

అమెరికాలో అమ్మమ్మల కాలంనాటి వంట కార్డులు బయటికి తీసి, వాటిలోని బార్‌లను మళ్లీ కాల్చి చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. వెడల్పాటి ట్రేలో పిండి పరిచి, ఓవెన్‌లో కాల్చి, చల్లారాక చదరపు ముక్కలుగా కోసే తీపి వంటకాలివి. బిస్కెట్లలా ఒక్కొక్కటీ ఒత్తే పని లేదు, కేకులా పైన అలంకరణ అక్కర్లేదు. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవున్న ట్రే ఒక్కసారి కాలిస్తే ఒక చిన్న గుంపుకు సరిపోతుంది. అందుకే చర్చి విందులకైనా, బడి కోసం డబ్బు పోగుచేసే అమ్మకాలకైనా, ఎవరైనా పోయిన ఇంటికి పట్టుకెళ్లడానికైనా తరతరాలుగా ఇవే చేశారు.

చిక్కు ఎక్కడొస్తోందంటే, కార్డులో ఉన్నట్టే తు.చ. తప్పకుండా చేసినా ఆనాటి బార్ రావట్లేదు. ఒకసారి అంచులు ఎండి పగులుతాయి, ఇంకోసారి మధ్యలో జారుగా ఉండిపోతుంది. చేసినవాళ్లు తమకే చేతకాలేదనుకుంటారు. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు. ఆ కార్డు రాసిన రోజుల్లో అంగట్లో దొరికిన డబ్బా ఇప్పుడు దొరకదు, అంతే. వంటింటి కొలతలు కంపెనీల చేతిలోకి ఎలా వెళ్లాయో తెలిస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

19వ శతాబ్దపు అమెరికన్ వంట పుస్తకాల్లో కొలతలు కంటి అంచనాకే వదిలేసినట్టు ఉంటాయి. ‘గుడ్డంత వెన్న’, ‘టీ కప్పు చక్కెర’, ‘వైన్ గ్లాసుడు పాలు’. మనకు గిద్దె, సోల ఉన్నట్టు వాళ్లకు ‘గిల్’ ఉండేది, అంటే దాదాపు అరకప్పు. ఏ ఇంటి టీ కప్పు ఆ ఇంటిదే కాబట్టి, తల్లి పక్కన నిలబడి చూసి నేర్చుకున్న కూతురికి తప్ప మరొకరికి ఆ రాత పెద్దగా పనికొచ్చేది కాదు.

ఇది మార్చిన మనిషి ఫానీ ఫార్మర్. బోస్టన్‌లోని వంట పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా ఉంటూ ఆమె రాసిన పుస్తకం 1896లో వచ్చింది. ప్రచురణకర్తలకు అది అమ్ముడుపోతుందన్న నమ్మకం లేక, తొలి 3,000 ప్రతుల ఖర్చు ఆమె చేతే పెట్టించారు. కప్పు నింపి, పైన కత్తితో చదును చేసి కొలవాలని, స్పూను కూడా అలాగే కొలవాలని ఆమె పట్టుబట్టారు. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, తల్లి పక్కన లేని ఆడపిల్ల కూడా పుస్తకం చూసి వండుకోగలిగింది దానివల్లే. వంటకాలు రాసిపెట్టే అలవాటున్న ప్రతి ఒక్కరూ ఆమెకు రుణపడి ఉన్నారని నా నమ్మకం.

ఆ పుస్తకంలో బ్రౌనీల కథ కూడా చూడాలి. 1896 ముద్రణలో బ్రౌనీ అంటే చాక్లెట్ లేని వంటకం. మొలాసిస్ పాకం, పీకాన్ పప్పులు కలిపి చిన్న అచ్చుల్లో కాల్చేవాళ్లు. 1906 ముద్రణకు వచ్చేసరికి మనకు తెలిసిన చాక్లెట్ బ్రౌనీ కనిపిస్తుంది. చక్కెర 1 కప్పు, వెన్న పావు కప్పు, పిండి అర కప్పు, అన్నీ చదునుగా కొలిచినవే. చాక్లెట్ దగ్గర మాత్రం ‘బేకర్స్ చాక్లెట్ 2 బిళ్లలు’ అని ఉంటుంది. కొలత అంటే ఏమిటో దేశానికి నేర్పిన పుస్తకంలోనే ఒక కంపెనీ బిళ్ల కొలతగా కూర్చుంది. అప్పట్లో దాంతో ఇబ్బంది లేదు. బిళ్ల అంటే 1 ఔన్సు, అంటే 28 గ్రాములు. అందరికీ తెలిసిన లెక్క. వందేళ్లకు పైగా అది అలాగే సాగింది. 2013లో ఆ కంపెనీ 8 ఔన్సుల పెట్టె తీసేసి 4 ఔన్సుల బార్ తెచ్చింది, లోపలి ముక్కలు చిన్నవయ్యాయి. పాత కార్డు చూసి రెండు ముక్కలు వేసిన మనిషికి బ్రౌనీ పాలిపోయి, చప్పగా వచ్చింది.

ఓవెన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కట్టెల పొయ్యి, బొగ్గు పొయ్యి రోజుల్లో ‘నిదానపు ఓవెన్’, ‘మధ్యస్తపు ఓవెన్’, ‘చురుకైన ఓవెన్’ అని రాసేవారు. చెయ్యి లోపల పెట్టి ఎంతసేపు ఓర్చుకోగలరో చూసేవాళ్లు కొందరు. కాగితం ముక్కో, చిటికెడు పిండో లోపల పెట్టి అది ఎంతలో ఎర్రబడుతుందో చూసేవాళ్లు ఇంకొందరు. వేడిని తనంతట తాను అదుపులో ఉంచుకునే గ్యాస్ స్టవ్‌లు 1920ల నాటికి ఇళ్లలోకి వచ్చాయి. మధ్యస్తపు ఓవెన్ అన్నచోట ఇప్పుడు 350 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 175 సెల్సియస్ పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఈ వంటకాలు ఊరూరా పాకడానికి వేరే దారి ఉంది. అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల సహాయం కోసం 1864లో ఫిలడెల్ఫియాలో ఒక వంట పుస్తకం అచ్చువేసి అమ్మారు. విరాళాల కోసం వేసిన పుస్తకాల్లో తొలిదిగా దాన్ని చెబుతారు. ఆ తర్వాత చర్చిల మహిళా సంఘాలు, బడులు, ఆసుపత్రుల సహాయక బృందాలు ఇలాంటివి లెక్కలేనన్ని వేశాయి. బార్‌ల అసలు చరిత్ర పెద్ద రచయితల పుస్తకాల్లో కన్నా, స్ప్రింగు కట్టిన ఈ చిన్న పుస్తకాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

కంపెనీలు ఆ దారి పట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. గెయిల్ బోర్డెన్ 1856లో కండెన్స్‌డ్ మిల్క్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పాలు పాడవకుండా నిలవుంచడం ఆయన ఉద్దేశం, అంతర్యుద్ధంలో సైన్యానికీ అది వెళ్లింది. ఫ్రిజ్‌లు వచ్చాక నిలవపాల అవసరం తగ్గింది. డబ్బా అమ్ముడుపోవాలంటే దాంతో ఏదో ఒకటి వండించాలి. లేబుల్ మీద వంటకాలు అందుకే వచ్చాయి. బిస్కెట్ పొడి, చాక్లెట్ చిప్స్, కొబ్బరి, పప్పులు వరుసగా పరిచి, పైన డబ్బా పాలన్నీ పోసి కాల్చే బార్‌లు 1960ల్లో ఇల్లిల్లూ తిరిగాయి. కెలాగ్స్ ఉద్యోగినులు 1939లో మార్ష్‌మాలో, వెన్న కరిగించి పేలాలు కలిపి చేసిన బార్‌లదీ ఇదే తీరు. పేలాల ప్యాకెట్ అమ్ముడుపోయింది, వంటకమూ నిలిచింది.

1942 నుంచి 1947 దాకా అమెరికాలో చక్కెరకు రేషన్ ఉండింది. తేనె, మొక్కజొన్న పాకం వేసి చేసే వంటకాలు ఆ రోజుల్లో పెరిగాయి. యుద్ధం ముగిశాక డబ్బాల్లో కేక్ మిక్స్‌లు వెల్లువెత్తాయి. 1949లో న్యూయార్క్‌లో పిల్స్‌బరీ కంపెనీ మొదలుపెట్టిన వంట పోటీకి 50,000 డాలర్ల బహుమతి ప్రకటించారు. ఇక ఇంటి వంటకూ కంపెనీ వంటకూ మధ్య గీత చెరిగిపోయింది. కార్డుల మీద ‘1 డబ్బా పసుపు కేక్ మిక్స్, 1 కడ్డీ ఓలియో (వెన్నకు బదులు వాడే మార్గరిన్), 1 గుడ్డు’ అని మూడు ముక్కల్లో వంటకం ముగించే రాత ఈ కాలానిదే. బరువు రాయాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. డబ్బా మారుతుందని ఎవరనుకుంటారు?

మారింది. చాలా ఏళ్లు 18.25 ఔన్సులున్న కేక్ మిక్స్ డబ్బాను పెద్ద కంపెనీలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ 15.25 ఔన్సులకు తెచ్చాయి. 517 గ్రాములది 432 గ్రాములైంది, అంటే దాదాపు ఆరో వంతు పోయింది. మామూలు కేక్ అయితే కొత్త డబ్బా వెనక కొత్త కొలతలు ఉంటాయి కాబట్టి గట్టెక్కుతుంది. బార్‌లకు ఆ వీలు లేదు. అడుగు పొరకు మిక్స్, వెన్న, గుడ్డు కలిపి గట్టి ముద్దగా చేసి ట్రేలో వేళ్లతో అదమాలి. మిక్స్ తగ్గి వెన్న అంతే ఉంటే ముద్ద వేళ్లకు అంటుకుంటుంది, ట్రే మూలల దాకా చాలదు. లాగి పరిస్తే పొర పలచనై అంచులు ముందే మాడతాయి, మధ్యలో నూనె ఓడుతుంది. చెడిపోయిన ట్రేను చూస్తే సంగతి మొత్తం తెలిసిపోతుంది. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా కూడా 15 ఔన్సుల నుంచి 14కు వచ్చింది. ధర పెంచకుండా సరుకు తగ్గించడం వ్యాపారుల పాత పద్ధతే. కానీ తామే డబ్బాను కొలతగా నేర్పి, ఆ కొలతను చెప్పాపెట్టకుండా తగ్గించడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

కొవ్వుల కథ ఇంకొంచెం మెలిక. ముందుగా ఓలియో, అంటే మార్గరిన్ సంగతి. పాడి రైతుల ఒత్తిడితో రంగు వేసిన మార్గరిన్ మీద అమెరికా ప్రభుత్వం పన్ను వేసింది, 1950లో గానీ ఎత్తేయలేదు. పాడికి పేరుపడ్డ విస్కాన్సిన్‌లో పసుపు మార్గరిన్ అమ్మకానికి 1967 దాకా అనుమతే లేదు. మార్గరిన్ అన్న పేరు పెట్టాలంటే అమెరికాలో కనీసం 80 శాతం కొవ్వు ఉండాలి. ఇప్పుడు అంగట్లో ఆ వరుసలో కనిపించేవి చాలావరకు ‘స్ప్రెడ్’లు. వాటిలో కొవ్వు తక్కువ, నీళ్లు ఎక్కువ. వాటితో చేస్తే అడుగు పొర కరకరలాడదు. 1911లో వచ్చిన క్రిస్కో, అంటే మన వనస్పతి లాంటి గట్టి వంట కొవ్వు, అదీ ఇప్పుడు పాతలా లేదు. ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చేటని తేలడంతో దాని తయారీ మారింది, 2015లో ఆహార నియంత్రణ సంస్థ కూడా ఆ రకం నూనెలను తొలగించాలని తేల్చింది. ఈ మార్పు మంచిదే. ఓలియో అన్నచోట వెన్న వాడితే రుచి పెరుగుతుంది గానీ తగ్గదు.

వంటకాన్ని మారకుండా నిలుపుకునే విషయంలో కెనడాలోని నానైమో ఊరు వేరే దారి చూపింది. ఆ ఊరి పేరుతోనే పిలిచే నానైమో బార్‌కు ఓవెన్ అక్కర్లేదు, మూడు పొరలు ఉంటాయి. అడుగున కొబ్బరి, బిస్కెట్ పొడి, నడుమ కస్టర్డ్ పౌడర్ కలిపిన క్రీము, పైన చాక్లెట్. 1950ల తొలినాళ్ల స్థానిక పుస్తకాల్లో ఇది కనిపిస్తుంది. 1980ల్లో ఆ ఊరి మేయర్ పోటీ పెట్టి, గెలిచిన వంటకాన్నే ఊరి వంటకంగా ఖాయం చేశారు. 2019లో కెనడా తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేస్తే, నడుమ పొర మరీ మందంగా ఉందని జనం గొడవ చేశారు. వంటకాన్ని కంపెనీ కాకుండా ఊరే పట్టుకుంటే ఇంత పట్టింపు ఉంటుంది.

ఇటు హైదరాబాద్‌లో, విజయవాడలో ఇవి చేసేవాళ్లకు ఇంకో రెండు జాగ్రత్తలు. అమెరికన్ కార్డులో వెన్న ‘1 కడ్డీ’ అంటే 113 గ్రాములు. మన 100 గ్రాముల ప్యాకెట్ దానికి చాలదు, పైగా మన టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు వేయకూడదు. అక్కడి ‘లార్జ్’ గుడ్డు పెంకుతో సుమారు 57 గ్రాములు తూగుతుంది. మన గుడ్లు చాలావరకు అంతకన్నా చిన్నవి, అందుకే రెండు మూడు గుడ్లు పడే వంటకమైతే తూచుకోవడమే మేలు. కేక్ మిక్స్ కార్డయితే, 15.25 ఔన్సుల డబ్బాకు రెండో డబ్బా విప్పి 85 గ్రాములు తీసి కలిపితే పాత లెక్కకు వస్తుంది.

ముందుగా ఏది చేయాలని ఎవరైనా అడిగితే ఖర్జూరం బార్ అంటాను. దానిలో డబ్బా లేదు, బిళ్ల లేదు, అంతా కప్పుల లెక్క. ఖర్జూరాలు నీళ్లలో ఉడికించి మెత్తగా ముద్ద చేయాలి. ఓట్స్, మైదా, గోధుమరంగు చక్కెర, చిటికెడు సోడా వెన్నతో పొడిపొడిగా కలిపి, సగం అడుగున అదిమి, ముద్ద పరిచి, మిగతా సగం పైన చల్లాలి. గోధుమరంగు చక్కెర దొరక్కపోతే బెల్లం పొడి చక్కగా సరిపోతుంది. 350 డిగ్రీల ఫారన్‌హీట్ (175 సెల్సియస్) దగ్గర పైపొర ఎర్రబడేదాకా కాల్చి, పూర్తిగా చల్లారాకే కోయండి.