‘గ్యాసే, తగ్గిపోతుందిలే’: 108కి ఎప్పుడు ఫోన్ చేయాలి?

నేను అంబులెన్సులో ఈఎంటీని, అంటే అత్యవసర వైద్యం అందించే టెక్నీషియన్‌ని. వెళ్లిన చోటల్లా వినే మాట ఒకటే: ‘ఇంత సీరియస్ అనుకోలేదు సార్, అందుకే చేయలేదు.’

అపోహ: ప్రాణం మీదికొచ్చిందని ఖాయమైతేనే 108కి చేయాలి.

వాస్తవం: ఖాయం చేయడం మీ పని కాదు. ఛాతీ పట్టేసి, చెయ్యో దవడో లాగుతూ, చెమటలు పోస్తుంటే అది గ్యాసో గుండెపోటో ఈసీజీ తీయనిదే డాక్టరే చెప్పలేడు, మీరెలా చెబుతారు? రక్తనాళం మూసుకుపోయాక గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. చచ్చింది మళ్లీ పుట్టదు.

కిందటి వేసవిలో హైదరాబాద్ బోరబండలో ఒక ఇల్లు. మూడో అంతస్తు, ఇరుకు మెట్లు. పెద్దాయన గోడకు చేరగిలబడి ఉన్నాడు. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పక్కన సగం తాగిన సోడా, గిన్నెలో వాము. నొప్పి మొదలైంది రాత్రి పదకొండుకి, మాకు ఫోన్ వచ్చింది నాలుగింటికి. ఆలోపు అల్లుడికి, తమ్ముడికి, తెలిసిన ఆర్‌ఎంపీకి చేశారు. ‘అర్ధరాత్రి మీకెందుకు ఇబ్బంది అనుకున్నా బాబూ’ అంది పెద్దాయన భార్య. అమ్మా, మేం మేలుకుని ఉండేదే అందుకు! ఆయన బతికాడు. కానీ ఇప్పుడు ఆ మెట్లు ఎక్కలేడు. కింద గది అద్దెకు తీసుకున్నారట.

గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగిపోతుందని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. దయచేసి ఆపండి. దాన్ని నమ్మి దగ్గుతూ కూర్చుంటే పోయేది మీ టైమే.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ‘పడుకుంటే సర్దుకుంటుంది’ అనుకోవద్దు. అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకుని మాకు చెప్పండి. స్పృహ తప్పినా, ఊపిరి అందకపోయినా, రక్తం ఆగకపోయినా, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, పాము కరిచినా, పురిటి నొప్పులు మొదలైనా అంతే, వెంటనే చేయండి.

2005 ఆగస్టు 15న మొదలైంది ఈ సేవ. ఇప్పటికీ రోడ్డు ప్రమాదాల బండి అనే అనుకునేవాళ్లున్నారు. కాదు. డబ్బులూ అడగరు. ప్రమాదంలో పడ్డవారికి సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయమూ వద్దు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ మీకు రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని బలవంతపెట్టడానికీ లేదు. పోలీసు, ఫైర్ కూడా కావాలంటే 112. రెండ్రోజుల జ్వరానికి, ఓపీకి వెళ్లడానికి మాత్రం మమ్మల్ని పిలవకండి.

ఫోన్లో అడిగే ప్రశ్నలకు విసుక్కోకండి, పెట్టేయకండి. బండి సరిగ్గా మీ గుమ్మానికి రావడానికే అవి. ఫ్లాట్ నంబరు కన్నా గుడి, ఫంక్షన్ హాలు, మెట్రో పిల్లర్ నంబరు మాకు పనికొస్తాయి. ఒకర్ని వీధి మొదట్లో నిలబెట్టండి. ఆ రాత్రి బోరబండలో పెద్దాయన మనవడు ఫోన్ లైటు ఊపుతూ సందు మలుపులో నిలబడ్డాడు. ఇల్లు వెతుక్కునే పని లేకుండా నేరుగా మెట్లెక్కాం.