మాల వేసుకునే ముందు, మాల తీసిన తర్వాత

కార్తీకం రాగానే వరంగల్, కరీంనగర్, జగిత్యాల దిక్కు ఊరూరా నల్ల బట్టలు కనబడతాయి. పొద్దుగూకితే మందు లేకుండా ఉండలేని మనిషి కూడా అయ్యప్ప మాల వేసుకొని 41 రోజులు చుక్క ముట్టడు. ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకుంటారు. ఆ నిష్ఠ గొప్పదే. కానీ తాగుడు మానడంలో రెండు చోట్ల మనసు గట్టిదనం ఒక్కటే సరిపోదు, ఇంటివాళ్లు ముందే సిద్ధంగా ఉండాలి: మానిన తొలి అయిదు రోజులు, మాల తీసిన రోజు.

తొలి అయిదు రోజుల సంగతి ముందు. ఏ మందులోనైనా ఉండే సారాయి, అంటే ఆల్కహాల్, మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవాడి మెదడు ఆ మందగింపుకు ఎదురుగా తనను తాను ఉద్రేకంగా ఉంచుకోవడం అలవాటు చేసుకుంటుంది. తాడు లాగే ఆటలో ఒక పక్క వాళ్లు ఉన్నట్టుండి వదిలేస్తే రెండో పక్క వాళ్లు వెల్లకిలా పడతారు. ఒక్కసారిగా మానినప్పుడు జరిగేది అదే. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో చేతుల వణుకు, చెమట, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు కొందరికి మతి తప్పుతుంది: గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, ఒళ్లు కాలిపోతుంది. దీన్నే చాలా ఇళ్లల్లో గాలి సోకిందనుకొని తాయెత్తు కట్టిస్తారు. అది గాలి కాదు. వైద్యం అందకపోతే ప్రాణం పోయే స్థితి.

ఎవరికి ఈ ముప్పు ఎక్కువో ఇంట్లోవాళ్లే ముందు పసిగట్టగలరు. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితేగాని చాయ్ గ్లాసు పట్టుకోలేని మనిషి అయినా, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషి అయినా ఇంట్లోనే మాన్పించే ప్రయత్నం చేయకూడదు. మాలకు వారం ముందే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకుపోవాలి. అక్కడ వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలిచ్చి, రోజురోజుకూ మోతాదు తగ్గిస్తారు.

గ్లూకోజ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి బాటిల్ ఎక్కించడం మనకు మామూలు. ఏళ్లుగా తాగినవాళ్ల ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవాలంటే మెదడుకు ఆ విటమిన్ కావాలి. అది లేకుండా బాటిల్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి, చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, అయోమయం వస్తాయి. జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. "ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇచ్చిన్రా?" అని అడగడం ఇంటివాళ్ల హక్కు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. 108కి ఫోన్ చేయండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా క్షణం ఆలస్యం కూడదు.

"మావోడు మందు ముట్టడు, కల్లు ఒక్కటే" అనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, దుకాణంలో మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపామ్ అనే నిద్రమాత్రల మందులు కలిపిన కల్లు వేరు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్ జిల్లాలో కల్తీ కల్లుకు అడ్డుకట్ట పడగానే, అలవాటుపడినవాళ్లు పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. అల్ప్రాజోలం ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే లక్షణాలు మొదలవుతాయి. డైజిపామ్ అయితే వారం దాకా ఏమీ కనబడకపోవచ్చు, అంతా సర్దుకుందనుకున్న వేళ మీద పడుతుంది. ఈ అలవాటును డాక్టరు చెప్పిన ప్రకారం వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. సిగ్గుపడి కల్లు సంగతి దాచిపెడితే డాక్టరు లెక్క తప్పుతుంది.

ఇక చాలా ఇళ్లల్లో గుట్టుగా జరిగే తప్పు: మాన్పించే మాత్రను పప్పులోనో చారులోనో కలపడం. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. సారాయి ఒంట్లో విరిగేటప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థాన్ని అది ఒంట్లోనే నిలిపేస్తుంది. సంగతి తెలియక తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి మనిషి కూలబడవచ్చు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అదే మాత్రను ఆయనకు చెప్పి, కాలేయం, గుండె పరీక్షలు చేయించి, చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాక, డాక్టరు చెప్పిన ప్రకారం రోజూ పొద్దున చాయ్ వేళ ఇంటివాళ్ల ఎదుట వేసుకుంటే బాగా పనిచేస్తుంది. కొన్ని దగ్గు టానిక్కుల్లోనూ, ఆయుర్వేద అరిష్టాల్లోనూ సారాయి ఉంటుంది, అవి కూడా బంద్.

వైద్యానికే ఒప్పుకోని మనిషి సంగతి? తాగి వచ్చిన రాత్రి వాదన పెట్టుకోవడం ఎందుకూ పనికిరాదు. అమెరికాలో 1999లో అచ్చయిన ఒక అధ్యయనం ఇంటివాళ్లకు మూడు రకాల పద్ధతులు నేర్పి చూసింది. తాగని వేళల్లో ఆప్యాయంగా ఉండి, తాగిన వేళ పక్కకు తప్పుకొని, దాని ఫలితాన్ని ఆయననే అనుభవించనిచ్చే పద్ధతిలో 64 శాతం మంది చికిత్సకు వచ్చారు. అందరూ కూడి ఒకేసారి నిలదీసే పద్ధతిలో 30 శాతమే. మన ఇళ్లల్లో దీన్ని ఇలా మొదలుపెట్టవచ్చు: దుకాణం ఉద్దెర ఇంటివాళ్లు కట్టరు, మేస్త్రీకి ఫోన్ చేసి జ్వరమొచ్చిందని అబద్ధం చెప్పరు. తాగకుండా వచ్చిన సాయంత్రం మాత్రం ఆయనకిష్టమైన కూరతో పిల్లలతో కలిసి బువ్వ తింటారు. మాట్లాడాల్సింది పొద్దున, తక్కువ మాటల్లో: "నిన్న నువ్వు తాగకుండ వస్తే పిల్లలు మస్తు సంబురపడ్డరు. ఆస్పత్రికి నేను గూడ వస్త." చేయి చేసుకునే మనిషైతే ఈ పద్ధతులన్నీ తర్వాత. ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు చూసుకోవాలి, 181కి ఫోన్ చేయాలి. సలహా కోసం టెలిమానస్ 14416, మత్తు అలవాట్ల సహాయ నంబరు 14446 ఉన్నాయి.

ఇప్పుడు 42వ రోజు. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీస్తారు, సాయంత్రానికి దోస్తులు దావత్ పెడతారు. 41 రోజులు ఆగిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు, అదే లెక్కన తాగితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ సాయంత్రం ఎక్కడుండాలో వారం ముందే మాట్లాడుకోవాలి. తాగాలన్న ఆరాటం చాలాసార్లు అరగంటలోపే తగ్గిపోతుంది, ఆకలి మీద ఉన్నప్పుడు మరీ పెరుగుతుంది. అయిదున్నరకే ఇంత అన్నమో జొన్నరొట్టెనో తినిపించండి. చావింటి పదకొండో రోజుకో, దసరా దావత్‌కో పోక తప్పకపోతే తిని, ఆలస్యంగా పోయి తొందరగా రావాలి. "మర్యాదకు ఒక్కటి" అనేవాళ్లకు అడ్డుపడటానికి తాగని బావనో తమ్మున్నో వెంట పంపాలి.

ఒకనాడు జారితే, "అంతా ఆగమైంది" అనకుండా మరునాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. వారం రోజులు వరుసగా తాగితే మాత్రం మళ్లీ ఇంట్లో కూర్చోబెట్టి మాన్పించొద్దు. మానిన ప్రతిసారీ ఆ వణుకు, ఆ ఫిట్స్ ముందటికన్నా గట్టిగా రావచ్చు.