గట్టి లీగ్‌లో అడుగుపెట్టిన స్ట్రైకర్: అపోహలు - వాస్తవాలు

ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్‌లకు, అంటే గోల్స్ కొట్టాల్సిన ముందు వరుస ఆటగాళ్లకు (స్ట్రైకర్లు వీళ్లలోనివారే) శిక్షణ ఇవ్వడం నా వృత్తి. ఏటా సీజన్ మొదలవగానే ఒక తంతు నడుస్తుంది. చిన్న లీగ్‌లో గోల్స్ మోత మోగించిన కుర్రాడిని పెద్ద లీగ్ క్లబ్ కొనుక్కుంటుంది. ఐదారు మ్యాచ్‌ల్లో గోల్ రాకపోతే చాలు, 'ఫ్లాప్' అని ముద్ర వేసేస్తారు. ఆ ముద్ర మోసే కుర్రాళ్లతో రోజూ పనిచేస్తాను కాబట్టి నాకు ఎక్కువగా వినిపించే మాటలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: అక్కడ ముప్పై కొట్టినవాడు ఇక్కడ పదిహేనైనా కొట్టాలి.

నెదర్లాండ్స్ లీగ్‌నే తీసుకుందాం. 2003-04లో అక్కడి క్లబ్ పీఎస్‌వీకి 31 లీగ్ గోల్స్ చేసిన మతేయా కెజ్మన్, మరుసటి సీజన్‌లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి లీగ్‌లో 4 మాత్రమే చేశాడు. 2006-07లో మరో నెదర్లాండ్స్ క్లబ్ హీరెన్‌వేన్‌కి 34 కొట్టిన అఫోన్సో ఆల్వెస్ ఇంగ్లండ్ క్లబ్ మిడిల్స్‌బరోలో నిలదొక్కుకోలేకపోయాడు. ఇది చూసి 'ఆ లీగ్ గోల్స్‌కి విలువే లేదు' అనేస్తారు. అదీ తప్పే. అదే పీఎస్‌వీ నుంచి 2001లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లిన రూడ్ వాన్ నిస్టల్‌రాయ్ మొదటి సీజన్‌లోనే 23 లీగ్ గోల్స్ చేశాడు. 2009-10లో అయాక్స్‌కి 35 కొట్టిన లూయిస్ సువారెజ్, లివర్‌పూల్‌లో 2013-14 సీజన్‌లో 33 లీగ్ మ్యాచ్‌ల్లో 31 చేశాడు. వాటిలో ఒక్క పెనాల్టీ కూడా లేదు.

కాబట్టి చూడాల్సింది ఎన్ని గోల్స్ అని కాదు, ఎలాంటి గోల్స్ అని. ఒక స్ట్రైకర్ పాత వీడియోలు నా ముందుకొస్తే ముందు పెనాల్టీలు తీసేస్తాను. నాలుగు పెనాల్టీల్లో మూడు ఎవరు కొట్టినా లోపలికి వెళ్తాయి. జట్టు మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్నాక వచ్చినవి కూడా పక్కన పెడతాను, ఎందుకంటే అప్పటికి ఎదుటి డిఫెన్స్ చెల్లాచెదురై ఉంటుంది. మిగిలిన గోల్స్‌లో రెండు విషయాలు చూస్తాను. బంతి అందిన క్షణానికి దగ్గరి డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడు? షాట్‌కి ముందు ఎన్ని టచ్‌లు (బంతిని తాకడాలు) పట్టాయి? మూడు నాలుగు టచ్‌లు తీసుకుని తీరిగ్గా కొట్టే అలవాటు గట్టి లీగ్‌లో పనికిరాదు. ఒకటి రెండు టచ్‌ల్లో, మీద డిఫెండర్ ఉండగా కొట్టిన గోల్స్ ఎక్కువుంటే ఆ ఆట ఎక్కడైనా నిలుస్తుంది.

ఇంకోటి ఉంది. చిన్న లీగ్‌లో పెద్ద జట్టుకు ఆడేవాడికి బాక్స్‌లోకి (గోల్ ముందు గీతలు గీసిన చోటులోకి) బంతులు వస్తూనే ఉంటాయి. పెద్ద లీగ్‌లో దిగువన కొట్టుమిట్టాడే జట్టుకు వెళితే అందులో సగం కూడా రావు. ఆల్వెస్ ఉన్న మిడిల్స్‌బరో 2008-09లో కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ లెక్కలో స్ట్రైకర్ తప్పెంతో, చుట్టూ ఉన్న జట్టు లోటెంతో విడదీసి చూడాలి.

అపోహ: కండబలం చాలదు, జిమ్‌లో పెట్టండి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే సలహా ఇదే, ఎందుకంటే ఇది కుర్రాళ్ల కాళ్లలో ఉన్న అసలు ఆస్తిని పాడుచేస్తుంది. తొందరపడి బరువు పెంచితే మొదటి ఐదు మీటర్ల చురుకు తగ్గే ప్రమాదముంది. స్ట్రైకర్ బతుకంతా ఆ ఐదు మీటర్లలోనే.

గట్టి లీగ్‌లో అసలు కొరత సమయం. పాత లీగ్‌లో బంతి అందుకున్నాక తలెత్తి చూసి నిర్ణయం తీసుకునే వీలుంటుంది. ఇక్కడ తలెత్తేలోపే సెంటర్ బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) వీపు మీద ఉంటాడు. అందుకే చూడటమన్నది బంతి రాకముందే అయిపోవాలి. పాస్ బయలుదేరకముందు ఒకసారి, దారిలో ఉండగా ఇంకోసారి భుజం మీదుగా వెనక్కి చూడాలి. నేను రోజూ చేయించే సాధన ఇదే. ఆటగాడి వెనక నిలబడి వేళ్లు చూపిస్తాను. బంతి అతని కాలికి తగిలేలోపు ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదటి వారం చాలామంది బంతి వదిలేస్తారు, లేదా అంకె తప్పు చెబుతారు. కొన్ని వారాలు గడిచాక రెండూ కుదురుతాయి.

ఒరిపిడి సంగతి కూడా అంతే. డిఫెండర్ వచ్చి గుద్దేదాకా ఆగితే ఎంత కండ ఉన్నా పడిపోతాడు. బంతి రాకముందే తానే వెనక్కి జరిగి తుంటితో, ముంజేతితో డిఫెండర్‌ని ఆనుకుని చోటు కాపాడుకుంటే, సన్నటివాడు కూడా నిలబడతాడు. పాత లీగ్‌లో ఫౌల్ అనిపించుకున్న తోపు కొత్త చోట విజిల్ లేకుండా పోవచ్చు. పడిపోయి రిఫరీ వైపు చేతులు చాపే అలవాటు మానడానికి చాలా వారాలు పడుతుంది. అది పొగరు కాదు, శరీరానికి పట్టిన అలవాటు.

అపోహ: ఐదారు మ్యాచ్‌ల్లో గోల్ లేదంటే పనైపోయినట్టే.

సుమారుగా పది షాట్లకు ఒక గోల్ అన్నది ఫుట్‌బాల్‌లో సాధారణ లెక్క. ఆరు మ్యాచ్‌ల్లో పదిహేను షాట్లు కొట్టిన స్ట్రైకర్‌కి ఒక్క గోల్ కూడా రాకపోవడానికి ఐదింట ఒక వంతు అవకాశముంది. అంటే ఆటలో ఏ లోపమూ లేకుండానే ఇది జరగొచ్చు.

1999లో ఇటలీ క్లబ్ యువెంటస్ నుంచి ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌కి వచ్చిన థియరీ ఆన్రీ మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో గోల్ చేయలేదు. వింగ్ (మైదానం పక్క అంచు) నుంచి మధ్యకు మారి ఆడటం నేర్చుకుంటున్న రోజులవి. ఆ సీజన్‌ని 26 గోల్స్‌తో ముగించాడు. డీగో ఫోర్లాన్ 2002 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరితే, మొదటి గోల్ సెప్టెంబర్‌లో వచ్చింది, అదీ పెనాల్టీ. ఆ తర్వాత స్పెయిన్‌లో రెండుసార్లు లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు, 2010 ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ అందుకున్నాడు. లెవాండోస్కీ జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌లో మొదటి సీజన్ 8 లీగ్ గోల్స్‌తో సరిపెట్టుకుని, రెండో సీజన్‌లో 22 చేశాడు.

నాకు టెన్షన్ పుట్టించేది గోల్స్ లేకపోవడం కాదు. గోల్స్ రాక విసిగిన స్ట్రైకర్ బంతి కోసం మిడ్‌ఫీల్డ్‌లోకి దిగిపోవడం. అక్కడ బంతి దొరుకుతుంది, చప్పట్లూ దొరుకుతాయి. బాక్స్‌లో మాత్రం మనిషి ఉండడు. వారం వారం బాక్స్‌లో టచ్‌లు తగ్గుతుంటే అప్పుడు కూర్చుని మాట్లాడాలి.

అపోహ: అంత డబ్బు పెట్టి కొన్నారు, వెంటనే కొట్టాలి.

ధర ఆటగాడి గతానికి కట్టేది. 2004 బాలన్ డి ఓర్ (ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే అవార్డు) విజేత షెవ్‌చెంకోని 2006లో చెల్సీ సుమారు 3 కోట్ల పౌండ్లకు కొంది. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు నిండబోతున్నాయి. రెండు సీజన్లలో లీగ్ గోల్స్ 9.

అపోహ: భాష రాకపోవడం, కుటుంబం దూరంగా ఉండటం, ఇవన్నీ సాకులు.

మైదానంలో 'వెనక మనిషున్నాడు', 'తిరుగు', 'వదిలెయ్' అన్న కేకలు అర సెకనులో అర్థం కావాలి. అర్థం కాకపోతే పైన చెప్పిన సమయం ఇంకా తగ్గుతుంది. అందుకే మొదటి వారంలో వ్యాకరణం వద్దు, ఆ పదిపదిహేను కేకలు నేర్పించండి అంటాను. ఇల్లు దొరక్క హోటల్ గదిలో నెలలు గడిపే కుర్రాడికి నిద్ర సరిపోదు. నిద్ర తగ్గితే పొద్దున సాధనలో నాకు తెలిసిపోతుంది. క్లబ్‌లు ఇల్లు, భాష ఏర్పాట్లను సౌకర్యంగా కాక శిక్షణలో భాగంగా చూడాలి.

అపోహ: నిజమైన గోల్ స్కోరర్ ఎక్కడైనా కొడతాడు.

లివర్‌పూల్‌లో గోల్స్ వర్షం కురిపించిన ఇయాన్ రష్, 1987-88లో యువెంటస్‌కి లీగ్‌లో 7 చేశాడు. ఆనాటి ఇటలీ లీగ్‌లో గోల్స్ తక్కువ, మార్కింగ్ (డిఫెండర్ ఆటగాడిని అంటిపెట్టుకుని ఉండటం) బిగువు. లివర్‌పూల్‌కి తిరిగొచ్చాక 1989లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు కొట్టాడు. ఏడాదిలో మనిషి ప్రతిభ పోవడమూ, మళ్లీ తిరిగి రావడమూ జరగలేదు. లివర్‌పూల్‌లో అతని పరుగు ఎప్పుడు మొదలవుతుందో తెలిసి పాస్ వేసేవాళ్లు చుట్టూ ఉన్నారు, అంతే. కొత్త స్ట్రైకర్ వచ్చిన వారంలోనే మిడ్‌ఫీల్డర్లను కూర్చోబెట్టి అతని పాత పరుగుల వీడియో చూపించమని అందుకే పట్టుబడతాను. చాలా క్లబ్‌లు స్ట్రైకర్‌కి మాత్రమే చూపిస్తాయి.