ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన కన్నీళ్లు: ‘వెన్ దే సీ అస్’ వెనకున్న కేసు

న్యూయార్క్‌లో చేయని నేరానికి జైలుపాలైన ఐదుగురు పిల్లల కథ ‘వెన్ దే సీ అస్’. 2019 మే 31న నెట్‌ఫ్లిక్స్‌లో ఈ సిరీస్ వచ్చినప్పుడు చూసినవాళ్లలో చాలామంది చెప్పింది ఒకటే: ఒక్క బిగిన చూడలేకపోయామని. ఉన్నవి నాలుగే భాగాలు. అయినా మొదటి భాగం సగంలోనే ఆపేసి, మర్నాడు మనసు గట్టి చేసుకుని మళ్లీ మొదలుపెట్టినవాళ్లున్నారు. అమెరికాలో మగపిల్లలున్న నల్లజాతి తల్లులు దీన్ని కథగా చూడలేకపోయారు, రేపు తమ ఇంట్లో జరగగలిగే విషయంగా చూశారు. నెల తిరక్కుండానే 2 కోట్ల 30 లక్షలకు పైగా ఖాతాల్లో ఈ సిరీస్ చూశారని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది.

ఆ ఏడుపు, ఆ కోపం న్యాయమైనవే. అయితే సిరీస్‌లో మనల్ని కలచివేసే విషయాల్లో దాదాపు ఏదీ 2019లో కొత్తగా బయటపడింది కాదు. 2002 నుంచీ కోర్టు రికార్డుల్లో ఉన్నవే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. 1989లో కూడా ఈ కేసు జనాన్ని కదిలించింది. అప్పుడూ కన్నీళ్లు పెట్టుకున్నారు, ఆగ్రహంతో ఊగిపోయారు. ఆ ఆగ్రహమే ఐదుగురు పిల్లల్ని జైలుకు పంపింది. అందుకే ఈ కేసు చరిత్ర చెప్పుకునేటప్పుడు జనం ఆవేశం ఎప్పుడు ఎటు తిరిగిందో కూడా చెప్పుకోవాలి.

1989 ఏప్రిల్ 19 రాత్రి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పరుగుకు వెళ్లిన 28 ఏళ్ల బ్యాంకు ఉద్యోగినిని తల పగిలేలా కొట్టి, చెట్ల మధ్యకు ఈడ్చుకుపోయి, అత్యాచారం చేసి, చావుబతుకుల మధ్య వదిలేశారు. ఒంట్లో రక్తం ముప్పాతిక వంతు పోయింది. 12 రోజులు కోమాలో ఉంది. బతకదనే అనుకున్నారు, బతికింది. దాడి గురించి మాత్రం ఆమెకు ఏదీ గుర్తు లేదు. చాలా ఏళ్లు ఆమె పేరు ప్రధాన పత్రికల్లో రాలేదు. 2003లో తానే ట్రిషా మైలీ అన్న పేరుతో బయటికొచ్చి తన కథ రాసుకుంది.

అదే రాత్రి నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్ పేట వైపు నుంచి 30 మందికి పైగా కుర్రాళ్లు పార్కులోకి వచ్చారు. వాళ్లలో కొందరు దారిన పోయేవాళ్ల మీద రాళ్లు రువ్వారు, కొందరిని బాగా కొట్టారు. అది అబద్ధం కాదు. పోలీసులు ఆ గుంపులో దొరికినవాళ్లని పట్టుకెళ్లారు. ఆ తర్వాత పొదల్లో ఆమె కనిపించింది. ఇక అప్పట్నుంచి రెండూ ఒకే కేసయిపోయాయి.

అప్పటి న్యూయార్క్ ఎలా ఉండేదో తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. క్రాక్ అనే మత్తుమందు పేటల్ని కబళిస్తోంది. 1990లో నగరంలో హత్యలు రెండు వేలు దాటాయి. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ఉద్రిక్తత ఎంతగా ఉందంటే, ఈ దాడి జరిగిన నాలుగు నెలలకు బ్రూక్లిన్‌లోని బెన్సన్‌హర్స్ట్‌లో యూసుఫ్ హాకిన్స్ అనే 16 ఏళ్ల నల్లజాతి అబ్బాయిని తెల్లవాళ్ల గుంపు కాల్చి చంపింది. అలాంటి సమయంలో బాధితురాలు తెల్లజాతి యువతి, చదువుకున్న అమ్మాయి, మంచి ఉద్యోగం. పట్టుబడ్డవాళ్లు హార్లెమ్ పిల్లలు. పత్రికలు వాళ్లని తోడేళ్ల గుంపు అని రాశాయి. మైనర్లని కూడా చూడకుండా పేర్లు అచ్చేశాయి. మే 1న డొనాల్డ్ ట్రంప్ నాలుగు న్యూయార్క్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి మరణశిక్షను మళ్లీ తీసుకురావాలని కోరాడు. అప్పటికి విచారణ మొదలే కాలేదు. ఆ రోజుల్లోనే బ్రూక్లిన్‌లో ఒక నల్లజాతి మహిళను అత్యాచారం చేసి భవనం పైనుంచి కిందికి తోసేశారు. దాని గురించి పత్రికల్లో వచ్చింది చాలా తక్కువ. ఎవరి బాధకు నగరం ఏడ్చిందో, ఎవరి బాధకు ఏడవలేదో ఇక్కడే తెలిసిపోతుంది.

ఆ ఐదుగురు: కెవిన్ రిచర్డ్‌సన్, రేమండ్ సాంటానా 14 ఏళ్లవాళ్లు. ఆంట్రాన్ మెక్‌రే, యూసెఫ్ సలామ్‌లకు 15. కోరీ వైజ్‌కు 16. సాంటానా లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాడు, మిగతా నలుగురూ నల్లజాతివాళ్లు. కోరీ పోలీసులు వెతుకుతున్నవాడు కాదు. స్నేహితుడు యూసెఫ్‌ను తీసుకెళ్తుంటే తోడుగా స్టేషన్‌కు వెళ్లాడు. వినికిడి సమస్య, చదువులో ఇబ్బందులు ఉన్న పిల్లాడు. తోడు వెళ్లినవాడు తిరిగి ఇంటికి రావడానికి దాదాపు 13 ఏళ్లు పట్టింది.

సిరీస్ చూసినవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా తట్టుకోలేనిది స్టేషన్‌లో ప్రశ్నించే సన్నివేశాలు. గంటల తరబడి నిద్ర లేకుండా కూర్చోబెట్టారు. నీ పక్క గదిలోవాడు నీ పేరు చెప్పేశాడన్నారు. ఆమె బట్టల మీద వేలిముద్రలు దొరికాయని యూసెఫ్‌తో అన్నారు. అలాంటివేవీ దొరకలేదు. ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం: పోలీసులు ఇలా అబద్ధం చెప్పొచ్చా? అమెరికాలో చెప్పొచ్చు. 1969లో ఫ్రేజియర్ వర్సెస్ కప్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, పోలీసులు అబద్ధం చెప్పి రాబట్టారన్న ఒక్క కారణంతో నేరాంగీకారం చెల్లకుండా పోదని తేల్చింది. మన దగ్గర 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. అందుకే తెలుగు ప్రేక్షకులకు ఆ సన్నివేశాలు మరీ వింతగా తోస్తాయి. అలాగని మన దగ్గర అమాయకులు శిక్షపడకుండా తప్పించుకుంటున్నారని కాదు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసులో 2010లో శిక్షపడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసిందాకా ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి.

ఆంట్రాన్ విషయం ఇంకా నరకం. మొదట తండ్రి కొడుకు పక్కనే కూర్చుని ఉన్నాడు. పోలీసులు తండ్రిని బయటికి పిలిచి మాట్లాడారు. తిరిగొచ్చిన మనిషి మారిపోయాడు. వాళ్లకి కావలసింది చెప్పేసెయ్, ఇంటికెళ్లిపోదాం అని కొడుకు మీద అరిచాడు. ఆంట్రాన్ చెప్పేశాడు. ఇంటికి వెళ్లలేదు. తండ్రి మీద కోపం తనలో ఎప్పటికీ చల్లారలేదని పెద్దయ్యాక ఆంట్రాన్ బహిరంగంగా చెప్పాడు. ఆ తండ్రి చెడ్డవాడని నేను అనుకోను. బిడ్డను ఎలాగైనా బయటికి తీసుకుపోవాలన్న భయమే ఆ మాట అనిపించింది. అమెరికాలో పోలీసుల ముందు నల్లజాతి తండ్రికి ఎంత బలం ఉంటుందో ఆ గదిలో తేలిపోయింది. ప్రేక్షకుల్లో తండ్రులు ఎక్కువగా కదిలిపోయింది ఇక్కడే కావడంలో ఆశ్చర్యం లేదు.

యూసెఫ్ తల్లి మాత్రం స్టేషన్‌కు వచ్చి, నా కొడుకు మైనరు, ప్రశ్నించడం ఆపండని పట్టుబట్టింది. యూసెఫ్ ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టలేదు, వీడియోలో మాట్లాడలేదు. అయినా శిక్ష తప్పలేదు.

మిగతా నలుగురి ఒప్పుకోలు వీడియోలు ఒకదానికొకటి పొసగలేదు. దాడి ఎక్కడ జరిగింది, ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు, ఎవరి కథ వారిదే. ఆధారాల్లో దొరికిన డీఎన్‌ఏ ఐదుగురిలో ఎవరికీ సరిపోలేదని విచారణకు ముందే తెలుసు. దొరకని ఇంకో మనిషి కూడా ఉన్నాడని ప్రాసిక్యూషన్ సర్దిచెప్పింది. 1990లో రెండు విచారణలు జరిగాయి, రెండింటిలోనూ దోషులన్నారు. అక్కడ దోషో కాదో తేల్చేది జ్యూరీ, అంటే మామూలు పౌరుల బృందం. ఆ జ్యూరీ ముందు పిల్లలు తమ నోటితోనే చెప్పిన వీడియో ఉంది. తాను చేయని ఘోరాన్ని చేశానని ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారన్న ప్రశ్నకు అప్పట్లో సామాన్యుల దగ్గర జవాబు లేదు. కోరీని అత్యాచారం ఆరోపణ నుంచి జ్యూరీ విడిచిపెట్టింది, దాడి, లైంగిక దుశ్చర్య నేరాలకే దోషి అంది. కానీ 16 నిండినందుకు పెద్దవాళ్ల జైలుకు పంపారు. అందరికంటే ఎక్కువ కాలం లోపలున్నది అతనే. మిగతావాళ్లు ఆరేడేళ్లు ఉన్నారు.

ఇదంతా ఒక్క 1989 మహిమ కాదు. 1931లో అలబామాలో రైల్లో ఇద్దరు తెల్లజాతి స్త్రీలపై అత్యాచారం చేశారంటూ తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను పట్టుకున్నారు. రెండు మూడు వారాల్లోనే స్కాట్స్‌బరో కోర్టులో ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. ఆ ఇద్దరిలో ఒకామె తర్వాత కోర్టుకొచ్చి అదంతా అబద్ధమని చెప్పింది. సుప్రీంకోర్టు రెండుసార్లు కలగజేసుకుంది, ప్రాణాలు దక్కాయి, యవ్వనం జైల్లో పోయింది. 1944లో దక్షిణ కరోలినాలో జార్జ్ స్టిన్నీ అనే 14 ఏళ్ల పిల్లాణ్ణి తల్లిదండ్రులెవరూ లేకుండా ప్రశ్నించారు. ఒప్పుకున్నాడన్నారు. విచారణ ఒక్కరోజులో ముగిసింది, జ్యూరీ పది నిమిషాల్లో తేల్చేసింది, విద్యుత్ కుర్చీలో చంపేశారు. 2014లో కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. తెల్లజాతి స్త్రీకో పసిపిల్లకో జరిగిన ఘోరం, పట్టుబడ్డ నల్లజాతి పిల్లలు, వెంటనే తీర్పు కావాలని అరిచే జనం. ఆ రెండూ దక్షిణాది కేసులు, న్యూయార్క్ ఉత్తరాదిది, ఇక్కడ అలా జరగదనే నమ్మకం అక్కడివాళ్లకు ఉండేది.

అసలు నేరస్థుడు మటియాస్ రెయెస్. ఏప్రిల్ 17న, అంటే రెండు రోజుల ముందే అదే పార్కులో మరో మహిళపై దాడి చేశాడు. పోలీసులు ఆ రెండింటినీ కలిపి చూడలేదు. ఆ వేసవిలో అతను ఇంకా కొందరు మహిళలపై అత్యాచారం చేశాడు, ఒక గర్భిణిని చంపాడు. ఆగస్టులో పట్టుబడ్డాడు. ఐదుగురు పిల్లల మీద కేసు కట్టడంతో పార్కు కేసు ముగిసినట్టే అనుకున్నారు. అలా అనుకోకుండా ఉంటే ఆ వేసవిలో బలైన మహిళల్లో కొందరైనా మిగిలేవాళ్లు. సిరీస్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ మహిళల సంగతి చాలా తక్కువగా వస్తుంది, అది నాకు బాధగా ఉంటుంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ జైల్లో కోరీ ఎదురుపడ్డాక రెయెస్ నోరు విప్పాడు. 2002లో నేనొక్కణ్ణే చేశానన్నాడు. డీఎన్‌ఏ సరిపోయింది. న్యూయార్క్‌లోని మాన్‌హటన్ జిల్లా అటార్నీ, అంటే అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటర్ రాబర్ట్ మోర్గెంథా స్వయంగా తీర్పులు రద్దు చేయమని కోరితే, డిసెంబర్ 19న జడ్జి చార్ల్స్ తెహాడా రద్దు చేశాడు. కాలపరిమితి దాటిపోవడంతో రెయెస్ మీద ఈ కేసు పెట్టలేకపోయారు.

మరి అప్పుడు నగరం ఏడ్చిందా? పెద్దగా లేదు. 1989లో హోరెత్తిన పత్రికలకు ఈ వార్త కొన్నాళ్ల ముచ్చటే అయింది. పోలీసు శాఖ వేయించిన కమిటీ 2003లో, మావాళ్ల తప్పేమీ లేదు, ఈ కుర్రాళ్ల పాత్ర కూడా ఉండే ఉంటుందని నివేదిక ఇచ్చింది. పరిహారం కోసం వేసిన దావాను నగరం పదకొండేళ్లు సాగదీసి, మేయర్ బిల్ డి బ్లాసియో వచ్చాక 2014లో 4 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. 2012లో కెన్ బర్న్స్, సారా బర్న్స్, డేవిడ్ మెక్‌మాన్ తీసిన డాక్యుమెంటరీ నిజాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. దాన్ని చూసినవాళ్లు కదిలారు, కానీ సిరీస్‌కు వచ్చినంత ప్రకంపన రాలేదు.

సాంటానా 2015లో ట్విటర్‌లో దర్శకురాలు ఏవా డువర్నేను మా కథ తీయమని అడిగాడు. ఆమె చేసిన పని ఏమిటంటే, ప్రేక్షకుణ్ణి కేసు ఫైలు ముందు కాకుండా ఆ గదిలో పిల్లాడి పక్కన కూర్చోబెట్టింది. నాలుగో భాగం చాలావరకు కోరీ ఒంటరి చెర గురించే. కుర్ర కోరీగానూ, పెద్ద కోరీగానూ జారెల్ జెరోమ్ ఒక్కడే నటించాడు, టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డు తీసుకున్నాడు. అవార్డు ఇచ్చిన రాత్రి ఐదుగురూ ఆ హాల్లోనే ఉన్నారు.

కోపం మాత్రం ఎక్కువగా ఒక్క మనిషి మీదే పడింది. అప్పట్లో జిల్లా అటార్నీ ఆఫీసులో లైంగిక నేరాల విభాగం చూసిన లిండా ఫెయిర్‌స్టీన్‌ను ఆమె నవలల ప్రచురణకర్త వదిలేశాడు, ఆమె కొన్ని సంస్థల బోర్డుల నుంచి తప్పుకుంది. తనను తప్పుగా చిత్రించారని ఆమె 2020లో దావా వేసింది. 2024లో రాజీ కుదిరింది. ఆమెకు డబ్బేమీ ఇవ్వలేదు. అమాయకుల కేసులు చూసే ఇన్నోసెన్స్ ప్రాజెక్టుకు నెట్‌ఫ్లిక్స్ 10 లక్షల డాలర్లు ఇచ్చింది. కల్పన ఉందన్న ప్రకటనను ప్రతి భాగం మొదటికి తెచ్చారు. ఫెయిర్‌స్టీన్ బాధ్యత తక్కువని నేను అనను. కానీ డిటెక్టివులు, జడ్జి, రెండు జ్యూరీలు, పత్రికలు, వాటిని నమ్మిన లక్షల మంది పాఠకులు కలిస్తేనే ఆ పిల్లలు జైలుకు వెళ్లారు. ఒక్క ముఖం దొరికితే మన కోపానికి సులువవుతుంది, మిగతావాళ్లంతా చల్లగా తప్పుకుంటారు.

ట్రంప్ 2019లో క్షమాపణ అడగడానికి ఒప్పుకోలేదు. 2024 సెప్టెంబర్ ఎన్నికల చర్చలో, వాళ్లు కోర్టులో నేరం ఒప్పుకున్నారన్నాడు. వాళ్లు ఎన్నడూ కోర్టులో ఒప్పుకోలేదు. ఆ మాట మీద ఐదుగురూ పరువునష్టం దావా వేశారు. అప్పటికే యూసెఫ్ సలామ్ హార్లెమ్ నుంచి నగర కౌన్సిల్‌కు ఎన్నికై ఉన్నాడు.

చట్టంలో వచ్చిన మార్పు నెమ్మదైనది. తీవ్రమైన నేరాల్లో పోలీసు ప్రశ్నలన్నీ మొదటి నుంచి వీడియో తీయాలని న్యూయార్క్‌లో 2018 నుంచి నియమం అమల్లోకి వచ్చింది. 1989లో తీసింది చివరి ఒప్పుకోలు ఒక్కటే, అంతకుముందు గంటల్లో జరిగింది జ్యూరీ చూడనే లేదు. మైనర్లకు అబద్ధం చెప్పి ఒప్పించడాన్ని ఇల్లినాయ్, ఒరెగాన్ రాష్ట్రాలు 2021లో నిషేధించాయి, మరికొన్ని ఆ దారి పట్టాయి. 1969 నాటి సుప్రీంకోర్టు తీర్పు మాత్రం రద్దు కాలేదు.